మస్టాంగ్‌కి ఏ క్రాస్ పడుతుంది? సంవత్సరం చెప్తే సరిపోదు తమ్ముడూ, కొలవాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. 1966 ఫోర్డ్ మస్టాంగ్, 289 వీ8 ఇంజన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పార్క్‌లోంచి రివర్స్‌లో వేస్తే కింద టంగ్‌మంటోంది, నెమ్మదిగా పోతుంటే పిచ్చుక కూసినట్టు కీచుమంటోంది, మెకానిక్ ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి తిరుగుడు మోసే పొడుగు పైపు) క్రాసులు, అంటే దాని చివర్ల జాయింట్లలో ఉండే ప్లస్ ఆకారపు ముక్కలు పోయాయన్నాడు, ఆన్‌లైన్‌లో చూస్తే అదే సంవత్సరానికి మూడు రకాల కిట్లు చూపిస్తోంది, ఒకటి తెప్పిస్తే ముందువైపు పట్టింది వెనకవైపు పట్టలేదు, ఇప్పుడు "కరెక్ట్ పార్ట్ నంబర్ ఏదో ఒక్క ముక్కలో చెప్పన్నా" అంటున్నావ్. ఆ ఒక్క ముక్క నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు, ఎవరైనా టకీమని చెప్పారంటే వాళ్లు నీ కారు కింద దూరి చూడకుండా చెప్తున్నట్టే. అరవై ఏళ్ల బండి అది. ఈ అరవై ఏళ్లలో ఎంతమంది చేతులు మారిందో, ఎవడు గేర్‌బాక్స్ మార్చాడో, ఎవడు వెనక యాక్సిల్ మార్చాడో నీకు తెలీదు, కేటలాగ్‌కి అంతకన్నా తెలీదు. కేటలాగ్ చెప్పేది ఆ కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు సంగతి.

నేను పని నేర్చుకుంది బెజవాడ ఆటోనగర్‌లో. అక్కడ పార్టు నంబర్ ఎవడికీ అక్కర్లేదు, పాత క్రాస్ గుడ్డలో చుట్టుకుని కౌంటర్ మీద పెడితే షాపు పెద్దాయన వెర్నియర్ కాలిపర్ పెట్టి రెండు కొలతలు తీసి వెనక రాక్‌లోంచి డబ్బా తీసి ఇచ్చేవాడు, అంబాసిడరా జీపా అని కూడా అడిగేవాడు కాదు. మిషిగన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఇక్కడ పాత ఫోర్డులు పెట్టుకుని తంటాలు పడే నాలాంటి వాళ్లు బోలెడుమంది, చివరికి ఇక్కడా అదే పద్ధతి కరెక్టని తేలింది. నువ్వు కూడా ఒక వెర్నియర్ కొనుక్కో, డిజిటల్‌ది చవకదైనా పర్లేదు.

సరే, ముందు ఇది వినే మిగతా వాళ్ల కోసం ఒక మాట, ఎందుకంటే "పాత ఫోర్డ్ క్రాస్" అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. 1948 మోడల్ వరకు ఫోర్డ్ కార్లు, అంటే మోడల్ టీ, మోడల్ ఏ, తర్వాత 1932 నుంచి వచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8లు, వీటన్నిటికీ షాఫ్ట్ బయటికి కనిపించదు. ఒక గొట్టంలో ఉంటుంది, దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు. ఆ గొట్టం ముందు చివర గుండ్రటి బంతిలాంటి గిన్నె ఉంటుంది, గేర్‌బాక్స్ వెనక, జాయింట్ దాని లోపల ఒక్కటే ఉంటుంది, వెనకాల ఇంకోటి ఉండదు. మన దేశంలో వింటేజ్ ర్యాలీల్లో కనిపించే మోడల్ ఏలు, ముప్ఫైల నాటి వీ8లు ఈ బాపతే. వాటికి నేను కింద చెప్పే కొలతలు ఏవీ పనికిరావు, వాటి జాయింట్ ఆ మోడల్ కోసమే చేసింది, మొత్తం అసెంబ్లీగా దొరుకుతుంది, మోడల్ టీ వదిలేస్తే అక్కడ లెక్కపెట్టాల్సింది షాఫ్ట్ మీద పళ్లు, ఇంకా దాన్ని బయటికి తీయాలంటే వెనక యాక్సిల్ మొత్తం వెనక్కి లాగాలి లేదా ఇంజనూ గేర్‌బాక్సూ ముందుకి తీయాలి. ఒక రోజులో అయ్యే పని కాదు, ఆ సంగతి ఇంకెప్పుడైనా.

1949 నుంచి ఫోర్డ్ కార్లకి బయటికి కనిపించే షాఫ్ట్ వచ్చింది, ముందొక క్రాస్ వెనకొక క్రాస్. నీ మస్టాంగ్ ఇదే కుటుంబం. కారు కింద పడుకుని చూస్తే పైపులాంటి షాఫ్ట్ తిరుగుతూ కనిపిస్తే ఈ కథ నీకు పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. నీ కాలం ఫోర్డుల్లో ఎక్కువగా తగిలేవి స్పైసర్ సైజులు. క్లారెన్స్ స్పైసర్ అనే ఆయన 1903 లో ఈ జాయింటుకి పేటెంట్ తీసుకున్నాడు, ఆయన పెట్టిన కంపెనీయే తర్వాత డానా అయింది, అందుకే ఇప్పటికీ మెకానిక్కులు "అది 1310 రా, ఇది 1330 రా" అని సిరీస్ నంబర్లతోనే మాట్లాడుకుంటారు. నీకు మూడు సిరీస్‌లు తెలిస్తే చాలు. క్రాస్ నాలుగు కాళ్ల చివర్లకి తొడిగే బేరింగ్ మూతల్ని కప్పులంటారు. 1310 కి కప్పు వ్యాసం 1.062 ఇంచీలు, అంటే దాదాపు 27 మిల్లీమీటర్లు, ఈ కప్పు చివర నుంచి ఆ కప్పు చివర దాకా వెడల్పు 3.219 ఇంచీలు, అంటే 81.8 మిల్లీమీటర్లు. అమెరికాలో సీజే జీపుల్లో కూడా ఇదే మామూలు సైజు. 1330 కి కప్పు అదే 1.062, కానీ వెడల్పు 3.625, అంటే 92.1 మిల్లీమీటర్లు. 1350 కి వెడల్పు మళ్లీ అదే 3.625, కానీ కప్పు లావు 1.188, అంటే 30.2 మిల్లీమీటర్లు.

ఇక్కడ తిరకాసు కనిపించిందా? 1310 కీ 1330 కీ కప్పు ఒకటే, వెడల్పు వేరు. 1330 కీ 1350 కీ వెడల్పు ఒకటే, కప్పు వేరు. ఒక్క కొలతే తీసుకుని షాపుకెళ్తే సగం సార్లు తప్పు డబ్బాతో ఇంటికొస్తావ్. నీకు జరిగింది కూడా ఇదే అని నా అనుమానం, ముందువైపు 1310, వెనకవైపు పీనియన్ యోక్ (యాక్సిల్ ముందు మూతికి ఉండే, క్రాస్‌ని పట్టుకునే పంగ) 1330 అయ్యుండొచ్చు.

ఇంకో మెలిక ఏంటంటే ఫోర్డ్ వాళ్లు కొన్ని బళ్లలో ఒకే క్రాస్‌లో రెండు రకాల కప్పులు పెట్టారు. ఒక అడ్డం, అంటే ఎదురెదురు కాళ్ల జత మీద రెండు కప్పులు 1.062, ఇంకో అడ్డం మీద రెండు కప్పులు 1.125, అంటే 28.6 మిల్లీమీటర్లు. వెడల్పు 3.625. చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు, మిల్లీమీటరున్నర తేడా కదా, వెర్నియర్ పెడితేనే తెలుస్తుంది. అందుకే ఒక క్రాస్‌కి నాలుగు కప్పులూ కొలవాలి, ఒకటి కొలిచి మిగతా మూడూ అంతేలే అనుకోకూడదు. అలాగే షాపుల్లో 1310 నుంచి 1330 కి కలిపే క్రాసులు దొరుకుతాయి, ఒక అడ్డం 3.219, ఇంకో అడ్డం 3.625. షాఫ్ట్ చిన్నది, యాక్సిల్ యోక్ పెద్దది అయినప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది, షాఫ్ట్ మార్చక్కర్లేదు. స్పైసర్‌లో దాని నంబర్ 5-134 ఎక్స్. మామూలు 1310 అయితే 5-153 ఎక్స్, 1330 అయితే 5-213 ఎక్స్. ఇదుగో నంబర్లు ఇచ్చేశా, కానీ కొలవకుండా ఆర్డర్ పెట్టావో తర్వాత నన్ను అనొద్దు.

నేనూ మొదట్లో సంవత్సరం చూసి కొన్నవాడినే. నా 1967 కారు అసలు ఆరు సిలిండర్లది, మధ్యలో ఎవడో మహానుభావుడు వీ8 వేసి, వెనక ఇంకో బండి యాక్సిల్ తెచ్చి బిగించాడు. నేను కొన్నప్పుడు హైవే మీద డెబ్బై మైళ్లు దాటితే సీటు కింద బుర్రుమనేది. టైర్లు బ్యాలెన్స్ చేయించా, గేర్‌బాక్స్ మౌంట్ మార్చా, అయినా పోలే. చివరికి కింద దూరి వెనక క్రాస్ పట్టుకుని అటూ ఇటూ ఊపితే మొత్తం పక్కకి జరుగుతోంది. చూస్తే 1330 యోక్‌లో 1310 క్రాస్ కూర్చోబెట్టి యూ బోల్టులు బిగించేశాడు. కప్పు సైజు ఒకటే కాబట్టి గాడిలో శుభ్రంగా కూర్చుంది, కానీ పక్కల ఒక్కోవైపు ఐదు మిల్లీమీటర్లు ఖాళీ. పీనియన్ యోక్‌కి లోపల చిన్న చెవులుంటాయి, కప్పుని మధ్యలో నిలబెట్టేవి అవే, ఇక్కడ కప్పు వాటికి తగలనే లేదు. షాఫ్ట్ సెంటర్ తప్పి తిరుగుతోంది, ఊగకేం చేస్తుంది. ఆ కలిపే క్రాస్ ఒకటి తెచ్చి వేస్తే పీడా పోయింది. అంతకుముందు నేను కేటలాగ్ చూసి తెప్పించిన రెండు కిట్లు ఇప్పటికీ గ్యారేజ్‌లో షెల్ఫ్ మీద ఉన్నాయి, మా ఆవిడ ఎప్పుడు సర్దినా అవి ఎందుకని అడుగుతుంది.

కొలిచే ముందు ఇంకోటి చూడు, క్లిప్పు ఎక్కడుంది అని. యోక్ చెవి, అంటే కప్పు దూరే రంధ్రం ఉన్న పెద్ద కొమ్మ, దాని బయటవైపు, కప్పు మూత మీద అర్ధచంద్రాకారంలో సర్‌క్లిప్ కనిపిస్తే అది బయట క్లిప్పు రకం, స్పైసర్ వాళ్లది, ఫోర్డుల్లో ఎక్కువ ఇదే. క్లిప్పు కప్పు మీదే గాడిలో కూర్చుని యోక్ లోపలివైపు కనిపిస్తే అది లోపలి క్లిప్పు రకం, దానికి వెడల్పు కొలిచే పద్ధతే వేరు, కప్పు చివర నుంచి కాదు, గాడి నుంచి గాడికి కొలవాలి. ఎవడైనా వేరే కంపెనీ షాఫ్ట్ కోసి వేసుంటే ఇది తగలొచ్చు. అసలు క్లిప్పే లేకుండా చెవి పక్కన చిన్న రంధ్రం, అందులో ప్లాస్టిక్ ముక్క కనిపిస్తే అది జనరల్ మోటార్స్ షాఫ్ట్, నీ మస్టాంగ్ కింద అది ఉందంటే నీకంటే ముందు పెద్ద కథే నడిచింది.

నీ కారులో అసలు ఏముండాలో కొంచెం అంచనా వేయాలంటే వీఐఎన్ (బండి గుర్తింపు నంబర్) లో ఐదో అక్షరం చూడు. 1966 కి టీ ఉంటే పుట్టుకతో ఆరు సిలిండర్లది, సీ ఉంటే రెండు బారెల్ కార్బురేటర్ 289, ఏ ఉంటే నాలుగు బారెల్, కే ఉంటే హై పెర్ఫార్మెన్స్ 289, ఆ కే కార్లకి వెనక 9 ఇంచీల యాక్సిల్ వచ్చింది, మామూలు వీ8లకి 8 ఇంచీలది. ఆరు సిలిండర్ల కార్లకి చక్రానికి నాలుగు బోల్టులు, వీ8లకి ఐదు. యాక్సిల్ మధ్య గుమ్మడికాయలా ఉబ్బిన భాగం చూడు, వెనకాల బోల్టులేసిన మూత ఉంటే అది చిన్న ఆరు సిలిండర్ల యాక్సిల్, వెనక నున్నగా ఉండి ముందు నుంచి ఊడదీసేలా ఉంటే 8 గానీ 9 గానీ. నీ అక్షరం టీ అయ్యుండి బానెట్ కింద వీ8 కనిపిస్తే ఇక షాఫ్ట్, యోక్, యాక్సిల్ ఏదీ నమ్మకు. ముందు గేర్‌బాక్స్‌లోకి దూరే స్లిప్ యోక్ పళ్లు కూడా లెక్కపెట్టు, సీ4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి 28, సీ6 ఆటోమేటిక్‌కి 31, గేర్‌బాక్స్ మారిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంక తీయడం. కారుని జాక్ మీద వదిలేసి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టు, ముందు చక్రాలకి చెక్కలు పెట్టు, ఎందుకంటే షాఫ్ట్ ఊడితే పార్క్‌లో ఉన్నా వెనక చక్రాలని గేర్‌బాక్స్ పట్టుకోదు, హ్యాండ్ బ్రేక్ మీద నమ్మకం పెట్టుకునే వయసు కాదు ఆ కారుది. షాఫ్ట్ తీసే ముందు షాఫ్ట్ మీదా పీనియన్ యోక్ మీదా పెయింట్‌తో ఒక గీత గీసుకో, మళ్లీ అలాగే బిగించాలి. వెనక యూ బోల్టులు నాలుగు నట్లు తీసి షాఫ్ట్‌ని కొంచెం ముందుకి తోసి కిందికి దించి వెనక్కి లాగెయ్. వదులుగా ఉన్న రెండు కప్పుల చుట్టూ వెంటనే టేప్ చుట్టు, లేకపోతే అవి ఊడి కింద పడి సూదుల్లాంటి బేరింగులు నేలంతా చల్లుకుంటాయి. షాఫ్ట్ బయటికి రాగానే గేర్‌బాక్స్ వెనక నుంచి ఆయిల్ కారుతుంది, ఆ మూతికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బర్ బ్యాండ్ వెయ్. నేను మొదటిసారి వెయ్యలేదు, గ్యారేజ్ నేల మీద ఆ మరక ఇంకా ఉంది.

ఇప్పుడు టేబుల్ మీద పెట్టి కొలు. ముందు క్రాస్‌కి స్లిప్ యోక్ వైపు వెడల్పు, కప్పు. షాఫ్ట్ వైపు వెడల్పు, కప్పు. వెనక క్రాస్‌కి షాఫ్ట్ వైపు వెడల్పు, కప్పు. ఆఖరిది పీనియన్ వైపు, ఇది చాలామంది పాత క్రాస్ మీద కొలిచి వదిలేస్తారు, అదే తప్పు, నా కారులోలాగా పాత క్రాసే తప్పుడుది అయితే ఆ తప్పే మళ్లీ కొంటావ్. కారు కింద ఉన్న పీనియన్ యోక్‌నే కొలు, లోపలి చెవి నుంచి చెవికి ఎంత, గాడి వ్యాసం ఎంత. షాఫ్ట్ వైపు కూడా అంతే, పాత కప్పులు ఊడాక యోక్ బోరుని లోపల నుంచి ఒకసారి కొలు. కప్పు మీది తుప్పు, పాత గ్రీజు వైర్ బ్రష్‌తో తుడవకుండా కొలిస్తే 1.062 కాస్తా 1.08 చూపిస్తుంది, అప్పుడు 1.125 ఏమో అని కంగారు పడతావ్. మొత్తం ఎనిమిది అంకెలు. కాగితం మీద రాసుకో, ఫోన్‌లో ఫొటో తీసుకో.

ఏ క్రాస్ కొనాలి, గ్రీజు నిప్పల్ (గ్రీజు గన్ పెట్టి గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్నదా లేనిదా అని కూడా అడిగావ్. నిప్పల్ ఉన్న క్రాస్‌కి మధ్యలో గ్రీజు పోవడానికి బోలు చేస్తారు కాబట్టి అది కాస్త బలహీనం, నిప్పల్ లేనిది గట్టిది కానీ దాని ఆయుష్షు దాని లోపలి గ్రీజు ఉన్నంతవరకే. నువ్వు రేసులకి పోవు కదా, ఆదివారం కాఫీకి వెళ్లొచ్చే బండి, నిప్పల్ ఉన్నదే తీస్కో. బిగించేటప్పుడు రెండు క్రాసుల నిప్పళ్లూ షాఫ్ట్ వైపుకి, ఒకే దిక్కులో ఉండేలా చూడు, రేపు గ్రీజు గన్ దూరాలి కదా. గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టు, మూడు చోట్ల వచ్చి నాలుగో దగ్గర రాకపోతే అక్కడ దారి మూసుకుందని అర్థం.

కప్పులు నొక్కడానికి సుత్తి వాడకు. బెంచ్ వైస్, రెండు సాకెట్లు, ఒకటి కప్పు కంటే చిన్నది తోయడానికి, ఒకటి కప్పు కంటే పెద్దది అవతలి కప్పు అందులోకి రావడానికి. సుత్తితో కొడితే యోక్ చెవులు వంగుతాయి, కంటికి కనిపించదు, క్రాస్ మాత్రం బిగుసుకుపోయి తిరగదు. కొత్త కప్పు ఎక్కిస్తుంటే చివర్లో ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు మిగిలిపోయి సర్‌క్లిప్ గాడిలో పడకపోతే బలవంతం చెయ్యకు, లోపల ఒక సూది పడిపోయి అడుగున అడ్డంగా పడుకుని ఉంటుంది, నూటికి తొంభై సార్లు అదే. బయటికి తీసి గ్రీజుతో సూదులన్నీ గోడకి అంటించి మళ్లీ మొదలుపెట్టు. అన్నీ అయ్యాక క్రాస్ చేత్తో తిప్పితే నున్నగా, కొంచెం బిగువుగా తిరగాలి. పట్టేసినట్టుంటే యోక్ చెవి మీద ఇత్తడి దిమ్మతో చిన్న తట్టు తడితే కప్పు క్లిప్పుకి ఆనుకుని వదులవుతుంది. ఈ ఒక్కచోటే తట్టొచ్చు.

యూ బోల్టుల నట్లు కూడా మరీ బలం పెట్టి బిగించకు, పలచటి కప్పు నొక్కుకుపోయి గుండ్రం తప్పితే కొత్త క్రాస్ వెయ్యి మైళ్లకే మళ్లీ కూయడం మొదలుపెడుతుంది. షాప్ మాన్యువల్‌లో ఉన్న టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలో ఆ అంకె చూసి టార్క్ రెంచ్‌తో బిగించు.

ఇంకో అనుమానం కూడా తీర్చేస్తా, "క్రాస్ ఎందుకు పోయింది, మళ్లీ పోతుందా" అన్నావ్ కదా. క్రాస్ ఒక కోణంలో తిరుగుతున్నప్పుడు అవతలి వైపు ఒకే స్పీడులో తిరగదు, ఒక చుట్టులో రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కోణం పది డిగ్రీలుంటే ఆ ఊగుడు ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. వెనక క్రాస్ అదే కోణంలో ఎదురు ఊగి దీన్ని సరిచేస్తుంది, అందుకే షాఫ్ట్ రెండు చివర్ల యోకులు ఒకే వరసలో ఉండాలి, ముందు కోణం వెనక కోణం సమానంగా ఉండాలి. ఎవడైనా షాఫ్ట్ కోసి వెల్డింగ్ చేసినప్పుడు ఒక యోక్ కాస్త మెలి తిరిగిందంటే ఎన్ని క్రాసులు మార్చినా వణుకు పోదు. కోణం మరీ సున్నా ఉన్నా బాగోదు, సూదులు ఒకేచోట నిలబడి క్రాస్ కాళ్ల మీద గాట్లు పెడతాయి. నీ పాత క్రాస్ ఊడదీసినప్పుడు ఆ కాళ్లు చూడు. ఎర్రటి పొడి రాలి తుప్పు పట్టినట్టుంటే గ్రీజు లేక పోయింది, వరసగా సన్నటి గాట్లు పడి ఉంటే కోణం సంగతి చూడాలి, అప్పుడు వెనక స్ప్రింగుల కింద ఎవరైనా దిమ్మలు పెట్టి కారు ఎత్తు మార్చారేమో చూడు.

సౌండ్ పోలిక కూడా చెప్తా. కీచు కీచు అనేది దాదాపు ఖాయంగా గ్రీజు ఎండిన క్రాసే. కానీ గేర్‌లో వేసినప్పుడు టంగ్‌మనేది క్రాస్ ఒక్కదానిదే కాకపోవచ్చు, స్లిప్ యోక్ పళ్లు అరిగినా వస్తుంది, యాక్సిల్ లోపల పీనియన్ ఆట ఎక్కువున్నా వస్తుంది. క్రాసులు కొత్తవి వేశాక కూడా టంగ్ మిగిలితే క్రాస్ తప్పు కొన్నానేమో అని మళ్లీ ఊడదీయకు, ముందు షాఫ్ట్‌ని చేత్తో తిప్పి, చక్రం కదలకుండా షాఫ్ట్ ఎంత తిరుగుతోందో చూడు.

నువ్వు తెప్పించిన ఆ పట్టని కిట్ డబ్బా పారెయ్యకు. ముందువైపు పట్టిందన్నావ్ కదా, దాన్ని అక్కడికే వాడు. వెనకదానికి ఆ ఎనిమిది అంకెలూ రాసుకున్నాక నాకు చెప్పు, పీనియన్ చెవుల మధ్య 92 కనిపించి షాఫ్ట్ వైపు 82 కనిపిస్తే నువ్వు కొనాల్సింది ఆ కలిపే క్రాస్ ఒక్కటే.